ఒకవైపే ముద్ర ఉన్న రూపాయి

కంకిపాడు,
అక్టోబరు 12.

మావయ్యకు వందనాలు.

ఫోను మధ్యలో పెట్టేసింది నేనే. సిగ్నలు పోలేదు, ఛార్జింగూ అయిపోలేదు. కోపం వచ్చి పెట్టేశాను. క్షమాపణ చెప్పను.

నువ్వన్నదేమిటి? "వినీలా, ముప్పై ఏళ్ళ కల నెరవేరుతోందే. జనవరిలో విజయవాడ నాణేల ప్రదర్శనలో నాకూ ఒక అద్దాల పెట్టె ఇస్తామన్నారు" అన్నావు. బాగుంది, సంతోషమే అన్నాను. ఏం పెడతావు మావయ్యా అని అడిగాను. "బజారు మొహం చూడని నాణేలు" అన్నావు, అదేదో ఘనకార్యమైనట్టు! అక్కడ తిక్కరేగింది నాకు.

అసలు నాణెం ఎందుకు పుట్టింది? తిరగడానికి. ఆటో అబ్బాయి జేబులోంచి టీకొట్టు గల్లాలోకి, గల్లాలోంచి పాలమ్మాయి చేతిలోకి. అలా తిరగాల్సిన దాన్ని ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి, చేతికి తొడుగులేసుకుని చూస్తూ కూర్చోవడమేమిటి? దున్నకుండా కంచె వేసుకుని కూర్చున్న ఆసామికీ నీకూ ఏమిటి తేడా? థర్మల్ స్టేషన్లో ముప్పైమూడేళ్ళు చెమటోడ్చినవాడివి. యూనియన్ జెండా మోసినవాడివి. నీకు తగునా? పుస్తకాల పండగలో పది రూపాయలకు కొన్న చిన్న పుస్తకం ఒకటుంది నా దగ్గర, డబ్బు పుట్టుక మీద. ముప్పైరెండు పేజీలు. మూడుసార్లు చదివాను. నీలాంటివాళ్ళ సంగతి పద్నాలుగో పేజీలో ఉంది.

మా బళ్ళో ఏడో తరగతిలో నలభైరెండుమంది పిల్లలున్నారు. వాళ్ళకి సోషలు చెప్పేది నేను. పన్నులు చెప్తాను, టంకశాలలు చెప్తాను. ఒక్క నాణెమైనా తెచ్చి ఆ పిల్లలకి చూపించావా ఎప్పుడైనా? లేదు. అద్దాల పెట్టెలో పెడతావు, సూటు వేసుకున్నవాళ్ళకి చూపిస్తావు.

అమ్మమ్మ నీ మోకాలు ఎలా ఉందో కనుక్కోమంది. నేను మాత్రం అడగటం లేదు. (ఎలా ఉంది?)

వినీల

*

కొండపల్లి,
అక్టోబరు 19.

మా చిచ్చుబుడ్డికి, ప్రభువు కృప నీకు తోడుగాను, నీ నోటికి కాపలాగాను ఉండాలని కోరుకుంటూ మావయ్య రాయునది.

ఉత్తరం చదివి చాలా ఆనందపడ్డాను. ఇకమీదట నాణేల గురించి మన మాటలన్నీ ఉత్తరాల్లోనే. ఫోనయితే పెట్టేస్తావు. ఉత్తరం చించేసినా ముక్కలు అతికించుకుని చదువుకోవచ్చు. ఫోనులో నాణెం అన్న మాట ఎత్తావంటే రిసీవరు మీ మార్త అత్తయ్యకిచ్చేస్తాను. ఆవిడ గంటసేపు గుత్తివంకాయ గురించి చెప్తుంది. ఆలోచించుకో.

ఇప్పుడు నా మాట విను. నా పెట్టెలో మూడు రూపాయి బిళ్ళలుంటాయి. ఒకే రకం నాణేనికి మూడు జన్మలు. మింటులో కొత్త అచ్చు తయారవగానే దాన్ని యంత్రంలో బిగించి, గీత లోతుగా పడిందా, అంచు సమంగా వచ్చిందా అని ఒకటో రెండో కొట్టి చూస్తారు. అది ట్రయల్. నా దగ్గరున్న దానికి ఒకవైపే ముద్ర ఉంది, రెండోవైపు పలకలా నున్నగా ఉంటుంది. ఆ తర్వాత అచ్చుకి మెరుగుపెట్టి, ఏరి తీసిన బిళ్ళమీద ఒకటికి రెండుసార్లు ఒత్తి, పెద్దపెద్దవాళ్ళకి బహుమానంగా ఇచ్చేవి కొన్ని ఉంటాయి. అది ప్రెజెంటేషన్. అద్దంలా మెరుస్తుంది. ఇక లక్షల్లో కొట్టి మన జేబుల్లోకి వదిలేది మూడోది. మూడోది అందరి దగ్గరా ఉంటుంది. రెండోది కొందరి దగ్గర ఉంటుంది. మూడూ ఒక్కచోట నేనింతవరకు చూడలేదు. ట్రయల్ కోసం పదకొండేళ్ళు తిరిగి, హైదరాబాదులో వేలంలో పాడుకున్నాను. దొంగసొత్తా అని అడుగుతావని తెలుసు. బిల్లుంది.

ఇంకో మాట. ప్రెజెంటేషన్ మంత్రుల చేతికి పోతుంది, సరే. ట్రయల్ని మొట్టమొదట వేళ్ళతో పట్టుకుని వెలుతురుకి తిప్పి చూసింది ఎవరు? యంత్రం దగ్గర నిలబడ్డ పనివాడు. ఈ సంగతి నీ పద్నాలుగో పేజీలో ఉందా?

సవాలు చేశావు కాబట్టి ఒప్పుకుంటున్నాను. శనివారం అత్తయ్య కంకిపాడు వస్తోంది. ట్రయల్ని ఆమె చేతికిచ్చి పంపుతున్నాను. నలభైరెండుమందికీ చూపించు. అంచులు పట్టుకోవాలి, ముఖం ముట్టుకోకూడదు. తుడవకూడదు. చింతపండు పెట్టకూడదు. డిసెంబరు మొదటివారానికల్లా నాకు చేరాలి. పెట్టెలో మూడు గుంటలున్నాయి. ట్రయల్ లేకపోతే మిగతా రెండూ ఉత్త చిల్లరే. నా ముప్పై ఏళ్ళ కల నీ చేతిలో పెడుతున్నాను, తెలిసే పెడుతున్నాను.

మోకాలికి నవంబరు ఇరవై ఐదున ఆపరేషను. అడగనందుకు థాంక్స్.

మీ మావయ్య,
ఇశ్రాయేలు

*

కంకిపాడు,
నవంబరు 4.

మావయ్యా!

ఇవాళ్టిదాకా నేను చెప్పిన పాఠాలన్నీ ఒక ఎత్తు, ఈ పాఠం ఒక ఎత్తు. నలభైరెండుమందీ వరసగా వచ్చి అంచులు పట్టుకుని చూశారు. ఒక్కడు కూడా ముఖం ముట్టుకోలేదు. క్రిస్టినా అని ఒకమ్మాయి ఉంది, వరికోత మిషను యేసుకుమార్ గారి కూతురు. "టీచర్, దీంతో బొమ్మా బొరుసా వేస్తే బొరుసు కోరుకున్నవాళ్ళు జన్మలో గెలవరు కదండీ" అంది. క్లాసంతా ఒకటే నవ్వు. ఇంకొకడు "నున్నటి వైపు మన పేరు రాసుకోవచ్చా" అన్నాడు. ఆ రోజు ఇంటికెళ్ళి అందరూ జేబుల్లో ఉన్న రూపాయిల్ని భూతద్దం పెట్టి చూశారట. నాణెం తిరగాలి అని కూడా గట్టిగా చెప్పాననుకో. నా సిద్ధాంతం నేను వదలను.

పనివాడి సంగతి పద్నాలుగో పేజీలో లేదు. చూశాను. పుస్తకం వేసినవాళ్ళకి కార్డు రాశాను.

బాలల దినోత్సవానికి ఎనిమిదో తరగతివాళ్ళు, ఆరో తరగతివాళ్ళు కూడా చూస్తామంటున్నారు. అప్పటిదాకా ఉంచుకుంటాను.

అమ్మమ్మకి కూడా చూపించాను. అన్నం తింటూ చెప్పాను: "అచ్చులోంచి పుట్టిన మొదటి రూపాయి అమ్మమ్మా ఇది. దీనికన్నా ముందు ఇంకే రూపాయీ లేదు."

"తొలి కాన్పా?" అంది.

"అవును. తొలిదాన్ని తన దగ్గర దాచుకునే హక్కు ఏ మనిషికీ లేదు. నీ కొడుక్కి గడ్డి పెట్టు" అన్నాను.

అమ్మమ్మ ముద్ద చేతిలో పట్టుకుని నాణెం వంక చాలాసేపు చూసింది. "నిజమేనే పిల్లా. తొలిది మనం ఉంచుకోకూడదు" అంది. ఇరవైరెండేళ్ళు వచ్చాయి నాకు. నా వాదన ఒప్పుకున్న మొదటి మనిషి నీ కన్నతల్లే మావయ్యా! ఏమంటావు?

విజయగర్వంతో,
వినీల

*

కొండపల్లి,
నవంబరు 20.

చిచ్చుబుడ్డీ,

పెట్టె వచ్చింది. మనూరి బొమ్మలు చేసే విఠల్ ఉన్నాడే, అతనిచేత పొణికి చెక్కతో చేయించాను. లోపల నీలం మఖమలు. మూడు గుంటలు, బిళ్ళ కూర్చుంటే వెంట్రుక దూరదు. మంచంమీద పడుకుని పొద్దస్తమానం దాన్నే చూస్తున్నాను. మీ అత్తయ్య "పెళ్ళినాడు నన్ను కూడా ఇంత సేపు చూళ్ళేదు" అంటోంది. నిజమే అన్నాను. మధ్యాహ్నం అన్నం ఆలస్యమైంది.

చీటీలు నా చేతిరాతతో రాస్తున్నాను. మొదటి గుంట కింద: "ట్రయల్. ఇశ్రాయేలు, కొండపల్లి." ప్రదర్శన సంఘానికి అధ్యక్షుడు అచ్యుతరామారావు గారు ఫోను చేసి "మూడూ నిజంగా ఉన్నాయాండీ?" అని రెండుసార్లు అడిగారు. నలభై ఏళ్ళుగా సేకరిస్తున్న పెద్దమనిషి. ఉన్నాయండీ అన్నాను. ఆ మాట అనడానికి ముప్పై ఏళ్ళు పట్టింది నాకు.

ఆపరేషనయ్యాక ఆరు వారాలు గడప దాటొద్దన్నాడు డాక్టరు. ప్రదర్శన జనవరి తొమ్మిదిన మొదలు. సరిగ్గా సరిపోతుంది. నువ్వు నాణేన్ని డిసెంబరు ఏడులోగా పంపు.

నీ ఉత్తరంలో ఒక్కటే నాకు నచ్చలేదు. మా అమ్మ నీతో ఒప్పుకుందన్నావు. అరవై ఏళ్ళుగా ఆమెను ఎరుగుదును. ఎవరితోనూ ఊరికే ఒప్పుకునే మనిషి కాదు. కాస్త చూసుకో.

మావయ్య

*

కంకిపాడు,
డిసెంబరు 3.

గౌరవనీయులైన మావయ్య గారికి,

మీ ఆపరేషను దేవుని దయవల్ల బాగా జరిగిందని అత్తయ్య గారు ఫోనులో చెప్పగా సంతోషించాము. మీరు వేళకు మందులు వేసుకోవలెను. బలమైన ఆహారం తీసుకోవలెను.

ఇక్కడ అందరూ క్షేమం. మొన్న ఆదివారం మన సంఘంలో కోతపండుగ చాలా బాగా జరిగింది. అమ్మమ్మ పళ్ళెంనిండా కొత్తబియ్యం పట్టుకెళ్ళింది. సంపూర్ణమ్మ గారు కానుకగా తెచ్చిన గుమ్మడికాయ గుడి వేలంలో రెండువేల మూడొందలు పలికింది. ఒక కోడిపుంజు పాట మధ్యలో ఎగిరి పాస్టరు గారి బల్లమీద కూర్చుంది. వాతావరణం చల్లగా ఉంది. పిల్లలకి యూనిట్ పరీక్షలు అయ్యాయి.

నాణెం క్షేమం. ఇంకా కొందరు చూస్తున్నారు. త్వరలో తెలియజేస్తాను.

ఇట్లు,
మీ విధేయురాలు,
వినీల

*

కొండపల్లి,
డిసెంబరు 8.

వినీలా,

నువ్వు నన్ను "మీరు" అన్నది జీవితంలో ఒక్కసారే. నీ ఆరో ఏట నా కళ్ళజోడు మీద కూర్చున్నప్పుడు.

ఏం జరిగింది? నా నాణెం ఎక్కడుంది?

మావయ్య

*

కంకిపాడు,
డిసెంబరు 11.

మావయ్యా,

చెప్పేస్తాను. అన్నీ చెప్పేస్తాను. ముందు కూర్చో. మంచంమీదే ఉన్నావు కదా, సరే, పడుకో.

నీ నాణెం వరికోత మిషను మీద ఉంది. యేసుకుమార్ గారి మిషను. స్టీరింగు ముందు, వాక్యం స్టిక్కరు పక్కన, జిగురుతో అంటించి ఉంది. నున్నటి వైపు కిందకి.

ఎలాగంటావా? కోతపండుగకి అమ్మమ్మ కొత్తబియ్యం పళ్ళెం తీసుకెళ్ళిందని రాశాను కదా. ఆ బియ్యం నడుమ నీ ట్రయల్ని గుచ్చి నిలబెట్టింది. తొలిపంట దేవుడిది కదా. తొలి రూపాయి కూడా దేవుడిదే అనుకుంది. నేనే చెప్పాను మావయ్యా! తొలిదాన్ని దాచుకునే హక్కు మనిషికి లేదని అన్నం దగ్గర కూర్చుని గొంతు చించుకుని చెప్పింది నేనే! ఆమె విన్నది, నమ్మింది, చేసింది. నా మాట విని ఎవరైనా ఒక పని చేస్తే ఎలా ఉంటుందో నాకిప్పుడే తెలిసింది.

నేను పిల్లల్ని పాటకి నిలబెట్టే హడావుడిలో వెనకెక్కడో ఉన్నాను. సంఘపెద్ద అబ్రహాము గారు వేలం పాడిస్తున్నారు. బియ్యం పళ్ళెం ఎత్తారు. "ఇందులో ఒక రూపాయి కూడా ఉందండోయ్! ఇదేంటి, దీనికి బొమ్మే ఉంది బొరుసు లేదు!" అన్నారు. 

"అబ్రహాము గారూ, ఆపండి! అది మా మావయ్యది!" అని అరిచాను.

"అమ్మా టీచరమ్మా, బల్లమీదకొచ్చాక మావయ్యా లేడు, బాబాయీ లేడు. దేవుడిది. కావాలంటే పాడుకో" అన్నారు. అందరూ నవ్వారు.

పాడాను. ఐదొందలన్నాను. నేను అంత తెగించి పాడుతున్నానంటే అందులో ఏదో మహిమ ఉందనుకున్నారు జనం. సంపూర్ణమ్మ గారు వెయ్యి అంది. నేను పదిహేనొందలు. యేసుకుమార్ గారు మీసం దువ్వి రెండువేలు. నీకు తెలుసుగా, ఆయన పండుగ పాటలో ఎవరికీ తగ్గడు. నేను నాలుగువేల ఎనిమిదొందలదాకా వెళ్ళాను, నా జీతంలో మిగిలింది అంతే. ఆయన ఐదువేల వంద అన్నాడు. మూడోసారి బల్ల మోగింది. చప్పట్లు. అమ్మమ్మ కూడా కొట్టింది! "చూశావా, దేవుడికి ఎంతొచ్చిందో" అంటూ నా భుజం తట్టింది.

మర్నాడు పొలానికి వెళ్ళి ఆయన్ని అడిగాను. అడిగానంటే, మర్యాదగానే మొదలుపెట్టాను. "అది తిరిగి ఇచ్చేయండి, అది మా మావయ్య సొంతం" అన్నాను. ఆయన మిషను ఆపకుండానే నవ్వాడు. "సొంతమేంటి టీచరుగారూ? నాణెం తిరగాలని మీరే చెప్పారంటగా క్లాసులో? మా క్రిస్టినా చెప్పింది. నా మిషను రోజుకి పదెకరాలు తిరుగుతోంది. దాంతోపాటు మీ నాణెమూ తిరుగుతోంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండి భూస్వామివన్నాను, దోపిడీదారువన్నాను, ఇంకా ఏమేమో అన్నాను. ఆయనకున్నది ఎకరన్నర. మిషను అప్పుమీద కొన్నది. కూలీలంతా చూస్తున్నారు. ఆయన మొహం ఎర్రబడింది. "ఇక ఇవ్వను పో" అన్నాడు.

ఇది సంగతి. నీ పెట్టెలో మొదటి గుంట నావల్లే ఖాళీ అయింది. తిట్టు. నాలుగు పేజీలు తిట్టు.

వినీల

*

కొండపల్లి,
డిసెంబరు 14.

ఉత్తరం అందింది.

ఇశ్రాయేలు

*

కొండపల్లి,
డిసెంబరు 16.

వినీలమ్మా,

మొన్నటి కార్డు చించెయ్. అది రాసినప్పుడు నేను నేను కాదు. నీ ఉత్తరం చదివి నేనరిచిన అరుపుకి మీ అత్తయ్య పరుగెత్తుకొచ్చింది. నేను ఒంటికాలి మీద కంకిపాడు బయల్దేరతానని నా వాకరు తీసుకెళ్ళి పక్కింట్లో దాచింది. ప్రదర్శనవాళ్ళకి పెట్టె వద్దని ఉత్తరం రాశాను. దాన్ని పోస్టు చెయ్యమంటే చక్కెర డబ్బాలో పడేసింది. 

నిన్న మధ్యాహ్నం కోడిపుంజు గుర్తొచ్చింది. పాస్టరు గారి బల్లమీద కూర్చున్న కోడిపుంజు. నవ్వు ఆగలేదు. కుట్లు లాగాయి.

ఇప్పుడు విను. ఒకటి: మా అమ్మని ఒక్క మాట అనొద్దు. ఆమె జీవితంలో తొలి కాయ, తొలి పాలు, తొలి జీతం ఏదీ ఉంచుకోలేదు. నా మొదటి జీతం కవరు కూడా విప్పకుండా కానుకపెట్టెలో వేసింది. నెలంతా చెప్పుల్లేకుండా డ్యూటీకెళ్ళాను. నాకు ముందే తెలిసుండాలి.

రెండు: దేవుడి బల్లమీదనుంచి పాడుకున్నది తిరిగి అమ్మమని అడగకూడదు. డబ్బిస్తానని అనకు. అది ఆయనకి అవమానం.

మూడు: నువ్వు యేసుకుమార్‌ని పదిమందిలో అన్నావు. క్షమాపణ పదిమందిలోనే చెప్పాలి. నీకు అలవాటు లేని పని, తెలుసు. నాణెం ఇచ్చినా ఇవ్వకపోయినా చెప్పాలి.

నాలుగు: ఆయన ఎప్పుడైనా దాన్ని తీస్తానంటే గీకనివ్వకు! స్క్రూడ్రైవరు పెట్టనివ్వకు! మందులషాపులో స్వచ్ఛమైన అసిటోను అడుగు. రంగూ వాసనా కలిపిన గోళ్ళరంగు తీసే ద్రావకం కాదు. అంచుమీద చుక్కలు చుక్కలుగా వేస్తూ ఓపిక పట్టండి. జిగురు దానంతటదే వదులుతుంది. తుడవొద్దు, గాలికి ఆరనివ్వండి. లోహానికేమీ కాదు. లోహం మనకన్నా మంచిది, ఏదీ మనసులో పెట్టుకోదు.

భూతద్దం ఒకటి పంపుతున్నాను. పిల్లలకి.

మావయ్య

*

కంకిపాడు,
డిసెంబరు 24.

మావయ్యా,

చెప్పాను. క్షమాపణ. పదిమందిలో కాదు, యాభైమందిలో.

ఏం చేశానంటే, నీ భూతద్దం పట్టుకుని నలభైరెండుమంది పిల్లల్నీ వరసగా నడిపించుకుంటూ యేసుకుమార్ గారి కళ్ళానికి వెళ్ళాను. ఆయన మమ్మల్ని చూసి ధర్నా అనుకున్నాడు. "ఏంటి టీచరుగారూ, జనాన్ని తెచ్చారు?" అన్నాడు. "అనకూడని మాటలు అన్నానండీ. తప్పు నాది. మీ మిషను మీద ఉన్న నాణెం పిల్లలకి చూపిస్తారేమోనని తెచ్చాను, అంతే" అన్నాను. 

ఆయన చేతులు తుడుచుకున్నాడు. తర్వాత ఒక్కొక్కరినీ మిషనెక్కించి చూపించడం మొదలుపెట్టాడు. పది నిమిషాల్లో నాకన్నా బాగా పాఠం చెప్తున్నాడు! "ఇదిగో, ఇది అచ్చు బిగించి మొదటిసారి కొట్టింది. నేను కొత్త బ్లేడు బిగిస్తే ముందు గట్టుపక్కన రెండు దుబ్బులు కోసి చూస్తానే, అలాగన్నమాట" అన్నాడు. ముప్పైరెండు పేజీల్లో ఇంత మంచి పోలిక ఒక్కటీ లేదు.

క్రిస్టినా ఊరుకుంటుందా? "నాన్నా, దీనికి ఇంకా ఇద్దరు తమ్ముళ్ళున్నారంట. కొండపల్లిలో పెట్టెలో ఉన్నారంట. దీనికోసం పెట్టిన గుంట ఖాళీగా ఉందంట" అంది. నేను చెప్పమనలేదు మావయ్యా, ఒట్టు.

ఆయన అందరూ దిగాక నన్ను పిలిచాడు. "మీ మావయ్య ఎన్నేళ్ళు వెతికాడన్నారు?" అన్నాడు. పదకొండు అన్నాను. "ఆ మాట మొదటిరోజే చెప్తే పోయేదిగా. తిట్లు ముందు చెప్పారు, సంగతి తర్వాత చెప్తున్నారు" అన్నాడు. తల దించుకున్నాను. "చేతికివ్వలేనండీ. పదిమందిలో పాడుకున్నది చాటున ఇచ్చేస్తే అమ్ముకున్నాడంటారు. జనవరి నాలుగు, కొత్త ఏడాది మొదటి ఆదివారం, నా కృతజ్ఞతకానుకగా మళ్ళీ బల్లమీద పెడతాను. మీవాళ్ళు పాడుకోండి. నేను నోరెత్తను. ఎవరూ ఎత్తకుండా చూస్తాను" అన్నాడు.

అసిటోను తెచ్చాను. ఆయనా నేనూ మిషనెక్కి గంటన్నర చుక్కలు వేశాం. "టక్" మని ఊడొచ్చింది. నున్నటి వైపు ఒక్క గీత లేదు. ఆయన అంచులు పట్టుకునే తీశాడు, ముఖం ముట్టుకోలేదు.

నువ్వు రాలేవు కదా. పాట అమ్మమ్మ పాడుతుంది. "నేనిచ్చింది నేనే పాడుకోవడమేంటే" అని మొదట ఒప్పుకోలేదు. కొడుకు పెట్టె అన్నాక సరేనంది. రూపాయికి పాడమన్నాను. ఇక ఎవరూ పాడరు. అయిపోతుంది.

క్రిస్మస్ శుభాకాంక్షలు. అత్తయ్యకి కూడా.

వినీల

*

కంకిపాడు,
జనవరి 6.

మావయ్యా,

ఈ ఉత్తరం తెచ్చిన మనిషిని ముందు కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వు. తర్వాత చదువు. నేను రాలేను. పదో తరగతికి స్పెషల్ క్లాసులు పెట్టారు, సెలవడిగితే హెడ్మాస్టరు గారితో పోట్లాటైంది. (ఈసారి సంగతి ముందు చెప్పాను. తిట్లు తర్వాత.)

అనుకున్నట్టే నిన్న కాక మొన్న ఆరాధనయ్యాక యేసుకుమార్ గారు నాణేన్ని బల్లమీద పెట్టారు. అబ్రహాము గారు ఎత్తి చూపించారు.  అందరికీ ముందే తెలుసు. అమ్మమ్మ లేచి నిలబడింది.

"ఒక రూపాయి" అంది.

"దానమ్మ గారి పాట ఒక రూపాయి! ఒకటోసారి..." ఎవరూ పలకలేదు. సంపూర్ణమ్మ గారు నోటికి కొంగడ్డం పెట్టుకుంది. "రెండోసారి..." నేను కళ్ళు మూసుకున్నాను. అయిపోయిందనుకున్నాను.

"ఆగు" అంది అమ్మమ్మ. "అదేంటి అబ్రహామూ? దేవుడి తొలి రూపాయి రూపాయేనా? ఐదొందలు!"

"నీ పాటమీద నువ్వే పాడుతున్నావు దానమ్మా!"

"ఎవరూ పాడకపోతే నేనేం చెయ్యను? వెయ్యి!"

నేను వెనకనుంచి చీర లాగుతున్నాను. "అమ్మమ్మా, కూర్చో! నువ్వు గెలిచావు, కూర్చో!"

"నువ్వుండవే. గెలిచేది నేను, ఓడిపోయేది దేవుడా? మూడువేలు!"

యేసుకుమార్ గారు తలపట్టుకున్నారు. పాస్టరు గారు పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. అబ్రహాము గారు "ఒకటోసారి" అనబోయినప్పుడల్లా అమ్మమ్మ పెంచుతోంది. చివరికి ఆయన అడిగేశారు: "ఎక్కడ ఆపుతావో చెప్పమ్మా, అన్నం వేళవుతోంది."

"పోయినసారి ఎంతొచ్చింది?"

"ఐదువేల వంద."

"అంతకన్నా తగ్గితే దేవుడికి కిందటేడు కన్నా నష్టం కాదూ? ఐదువేల రెండొందలు. కొట్టు బల్ల!"

కొట్టారు. గుడి దద్దరిల్లింది. ఇల్లు చేరగానే పౌడరు డబ్బాలో దాచుకున్న పెన్షను డబ్బులు తీసి అణాపైసలతో పంపించేసింది. నేనిస్తానంటే తిట్టింది. మావయ్య ఇస్తాడంటే ఇంకా తిట్టింది.

అసలు చిక్కు ఇప్పుడు మొదలైంది. నాణెం ఆమె కొంగుముడిలో ఉంది. (డబ్బీలో పెట్టే ముడేయించాను, భయపడకు.) "ఇవ్వు, రిజిస్టరు పోస్టులో పంపుతాను" అన్నాను. "ఎందుకిస్తాను? నేను పాడుకున్నాను, నాది" అంది. "కొడుకు పెట్టెలో పెట్టనని కాదు. నేనే పెడతాను. నేను పక్కన కూర్చుంటాను. అయ్యాక నా రూపాయి నేను తెచ్చుకుంటాను" అంది.

నేనేమీ వాదించలేదు మావయ్యా. నోటిదాకా వచ్చింది. నాణెం ఎవరి సొంతం, తొలిదాని మీద ఎవరికి హక్కు, అన్నీ వచ్చాయి. ఇంతకుముందు వాదించినందుకు ఏమైందో గుర్తొచ్చి మజ్జిగ తాగి పడుకున్నాను.

ఇక నీ ఇష్టం, నీ తల్లి ఇష్టం.

వినీల

*

విజయవాడ, ప్రదర్శన హాలు,
జనవరి 9, సాయంత్రం.

వినీలమ్మా,

ఇక్కడే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. నాకిచ్చింది వెనక కుర్చీ. ముందు కుర్చీ మీ అమ్మమ్మది.

పొద్దున పది గంటలకి పెట్టె తెరిచాను. ఆమె కొంగుముడి విప్పి, డబ్బీ తీసి, అంచులు పట్టుకుని, ముఖం ముట్టుకోకుండా, మొదటి గుంటలో పెట్టింది. ఎవరు నేర్పారో! మూడూ పక్కపక్కన కూర్చున్నాయి. వినీలా, నేను ముప్పై ఏళ్ళు ఊహించుకున్నదానికన్నా బాగున్నాయి. కళ్ళజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది.

తర్వాత మా అమ్మ చీటీ చదివించుకుంది. "ఇశ్రాయేలు, కొండపల్లి" అనగానే ఒప్పుకోలేదు. "తప్పు రాయకూడదు, దేవుడు చూస్తాడు" అంది. కొత్తవి రాశాను. ఇప్పుడు ఇలా ఉంది: "ట్రయల్: దానమ్మ గారి సొత్తు, కంకిపాడు. ప్రెజెంటేషన్, సాధారణం: ఇశ్రాయేలు, ఆమె కుమారుడు."

జనం బారులు తీరారు. నాణెం కథ ఆమె చెప్తోంది. అచ్చు, పనివాడు, గట్టుపక్కన దుబ్బులు కోసి చూడటం, అన్నీ. కోడిపుంజు దగ్గర జనం పడీపడీ నవ్వుతున్నారు. నన్నెవరూ ఏమీ అడగడం లేదు. ఒకతను మాత్రం బాత్రూం ఎటు అని అడిగాడు.

మధ్యాహ్నం అచ్యుతరామారావు గారు వచ్చారు. భూతద్దంతో పావుగంట చూశారు. లేచి, చేతులు జోడించి, "అమ్మా, ఇది నాకు ఇస్తారా? మీరెంతంటే అంత" అన్నారు. 

"అమ్మేది కాదు బాబూ" అంది మా అమ్మ. నేను ఊపిరి పీల్చుకున్నాను. "వచ్చే కోతపండక్కి దేవుడికిచ్చేస్తాను. కావాలంటే నవంబరు ఆఖరి ఆదివారం కంకిపాడు రండి. పాడుకోండి. అన్నం కూడా పెడతాం."

ఆయన జేబులోంచి డైరీ తీసి తేదీ రాసుకున్నారు. వెనక నిలబడ్డ ఇంకో నలుగురూ రాసుకున్నారు.

నేనూ రాసుకున్నాను.

మావయ్య